హాకా వేటకు రైఫిల్: ముందు భుజం, తర్వాతే స్కోప్

మా బామ్మర్ది జర్మనీలో ఉంటాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి మాత్రం అడవి. అచ్చంపేటలో పుట్టి పెరిగినవాడికి అక్కడి ఫ్లాటులో ఊపిరాడలేదేమో, పోయిన కొన్నాళ్లకే వేట లైసెన్సు పరీక్షకు కూర్చున్నాడు. అది ఆషామాషీ పరీక్ష కాదు. జంతువులు, చెట్లు, కుక్కలు, చట్టం, తుపాకులు, మాంసం శుభ్రత అన్నీ చదవాలి. రాత పరీక్ష, నోటి పరీక్ష, కాల్పుల పరీక్ష మూడూ దాటాలి. దాటాడు. రైఫిల్ కూడా కొన్నాడు. ఇక అప్పటి నుంచి నా ఫోనుకు ఫోటోలే ఫోటోలు. "బావా, ఈ స్కోప్ ఎట్లుంది? బావా, ఈ మజిల్ బ్రేక్ పెట్టియ్యనా?"

వాడు నన్ను అడగడానికి కారణముంది. మా ఇంట్లో నాయన కాలం నుంచి లైసెన్సున్న .315 రైఫిల్ ఉంది. నేను వేటగాణ్ని కాదు. రేంజిలో కాగితం మీద కాలుస్తాను, రైఫిల్‌ను విప్పి, తుడిచి, సరిచేసుకుంటాను. తుపాకీ ఒంటికి ఎట్లా కుదురుతుంది, ఎందుకు కుదరదు అన్న దాని మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వాడు పంపిన లిస్టు చూశాక ఇదంతా రాయాలనిపించింది. 3 నుంచి 12 రెట్లు పెంచి చూపించే 56 మిల్లీమీటర్ల స్కోప్, వెంట్రుక తగిలితే పేలేంత తేలిక ట్రిగ్గర్, కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ తగ్గించేందుకు గొట్టం కొసన బిగించే మజిల్ బ్రేక్, కార్బన్ స్టాక్ (భుజానికి ఆనే కర్ర). ఒక్కొక్కటి చూస్తే అన్నీ మంచి వస్తువులే. సాయంత్రం మంచె ఎక్కి, కదలకుండా కూర్చుని, 150 మీటర్ల అవతల మేసే జింకను కాల్చేవాడికి పనికొస్తాయి. దట్టమైన అడవిలో హాకా వేటకు పోయేవాడికి ఇందులో ఒక్కటీ సాయం చేయదు, కొన్నయితే అడ్డం పడతాయి.

హాకా అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. కొందరు అడవిలోకి దిగి, కేకలేస్తూ, డప్పులు కొడుతూ జంతువులను కదిలిస్తారు. తుపాకులవాళ్లు అవి బయటపడే దారుల దగ్గర నిలబడి ఉంటారు. మన దగ్గర నిజాం కాలంలో ఇది బాగా నడిచింది. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరుపడ్డవాడు. మన్ననూరు దాటాక ఫర్హాబాద్‌లో నిజాం కాలపు షికారు బంగళా ఆనవాళ్లు ఉన్నాయి. జంతువు జాడ పట్టడానికీ, హాకా కొట్టడానికీ చెంచులే ఆధారం. తుపాకీ పట్టుకున్న దొరల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి, పులి ముందు ఉత్త చేతులతో నడిచినవాళ్ల పేర్లు ఎక్కలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో మన దగ్గర ఈ ఆటకు తెరపడింది, పడాల్సిందే.

జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్ దేశాల్లో ఇది ఇప్పటికీ చట్టబద్ధంగా సాగుతోంది. అక్కడ పులుల స్థానంలో అడవిపందులు, జింకలు, దుప్పులు. ముఖ్యంగా పందుల సంఖ్య విపరీతంగా పెరిగి మక్క చేలను దున్నేస్తున్నాయి. దానికి తోడు 2020 సెప్టెంబరులో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పోలండ్ సరిహద్దు దాటి జర్మనీ అడవిపందుల్లోకి వచ్చింది. మనుషులకు ఏమీ కాదు గానీ పెంపుడు పందుల వ్యాపారం కుదేలవుతుంది. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా పెద్ద ఎత్తున హాకాలు పెడతారు. నారింజ రంగు జాకెట్లు, కుక్కలు, రోడ్ల మీద హెచ్చరిక బోర్డులు, ఎవరు ఎటు కాల్చాలో ముందే చెప్పి, ఆ తర్వాతే మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ అడవిలో నిలబడ్డవాడికి ఏం కనిపిస్తుంది? చెట్ల మధ్య అయిదారు మీటర్ల సందు. పంది ఒక పొదలోంచి వచ్చి ఇంకో పొదలోకి దూరుతుంది. బెదిరిన పంది సెకనుకు 8 మీటర్లు పరుగెత్తుతుందనుకుంటే, 6 మీటర్ల సందు దాటడానికి దానికి ముప్పావు సెకను చాలు. ఆ ముప్పావు సెకనులో తుపాకీ భుజానికి ఎక్కాలి, కన్ను గురి మీద పడాలి, అది పందేనా, పిల్లలున్న తల్లా, కుక్కా, మనిషా తేల్చుకోవాలి, వెనక నేల ఉందో లేదో చూడాలి, ఆ తర్వాతే వేలు కదలాలి. ఇన్ని పనులు అంత తక్కువ సమయంలో పట్టవు. కాబట్టి తుపాకీ భుజానికెక్కడం, కన్ను గురి మీద పడడం అనే రెండు పనులకు అసలు సమయమే పట్టకూడదు. మిగిలినదంతా తేల్చుకోవడానికే ఖర్చు కావాలి. నా దృష్టిలో హాకా రైఫిల్‌కు చేసే మార్పులన్నిటినీ ఈ ఒక్క గీటురాయి మీద పెట్టి చూడాలి. ఈ మార్పు నాకు ఆలోచించుకునే సమయం మిగిలిస్తుందా, తింటుందా?

ఆ లెక్కన మొదట చూడాల్సింది కర్ర. అంటే బట్, స్టాక్. దీని గురించి ఎవరూ ఫోటోలు పంపుకోరు. స్కోపుకు బ్రాండు పేరుంటుంది, కర్రకు ఏముంటుంది?

ఒక చిన్న పరీక్ష. రైఫిల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గోడ మీద ఒక చుక్క పెట్టుకుని, దాన్ని చూస్తూ నిలబడండి. కళ్లు మూసుకోండి. రైఫిల్‌ను భుజానికి తెచ్చి, చెంప కర్రకు ఆనించి, హాయిగా ఉందనిపించాక కళ్లు తెరవండి. కన్ను నేరుగా గురిలోంచి చూస్తోందా? లేక మెడ సాచాలా, తల పైకెత్తాలా, ఒక పక్కకు ఒరగాలా? సాచాల్సి వస్తే ఆ తుపాకీ ఇంకొకరి కొలతకు చేసింది. దుకాణంలో కొన్న చొక్కా ఎవరికో కుట్టినట్టుంటే దర్జీ దగ్గరికి పోతాం. వేల రూపాయల తుపాకీని మాత్రం ఎట్లా ఇచ్చారో అట్లాగే భుజానికి పెట్టుకుంటాం.

మన బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానా .315 నే చూడండి. బ్రిటిష్‌వాళ్ల కాలంలో సైన్యం వాడే .303 తూటా జనం చేతిలో ఉండొద్దని, దానికి బదులు ఆస్ట్రియా సైన్యం కోసం పుట్టిన 8x50 తూటాతో ఈ రకం రైఫిళ్లు మన దేశంలో వాడుకలోకి వచ్చాయి. దాని బోల్టు, అంటే తూటాను ఎక్కించే కడ్డీ, బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పోలికే, చెయ్యి తిప్పేది తక్కువ, వెంటనే రెండో తూటా ఎక్కుతుంది. ఈ విషయంలో మన పాత రైఫిల్‌ను తక్కువ చేసి చూడక్కర్లేదు. అయితే దాని కర్ర ఇనప గురికి తగ్గట్టు, చెంప ఆనే చోట కిందికి వంగి ఉంటుంది. దాని మీద స్కోపు బిగిస్తే గురి గీత పైకి పోతుంది, చెంప మాత్రం కిందనే ఉంటుంది. అప్పుడు గడ్డం ఆనించి కాల్చాలి. కాగితం మీద నింపాదిగా కాల్చినప్పుడు ఎట్లాగో సర్దుకుంటాం. కదిలేదాన్ని వెంబడించేటప్పుడు తల ఊగుతుంది, తల ఊగితే గురి పోతుంది.

దీనికి మందు చాలా చవక. మా ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన చేత తోలు తొడుగు ఒకటి కుట్టించాను, కర్ర చుట్టూ చుట్టి తాడుతో బిగించేది. లోపల ఉన్ని గుడ్డ పొరలు ఒక్కొక్కటే పెడుతూ పోయాను. కళ్లు మూసి తెరిచే పరీక్ష చేస్తూ, గురి నేరుగా కనబడేదాకా. కర్రకు చిన్న గీత కూడా పడలేదు, కావాలంటే రేపే విప్పేయొచ్చు. "బంగారం తాకట్టు పెట్టి తుపాకీ కొన్నోళ్లను చూసిన గని, దానికి చెప్పు కుట్టించేటోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడు ఆ పెద్దాయన. నవ్వుకున్నాం.

ఇంకోటి కర్ర పొడవు. బామ్మర్ది పోయిన ఎండాకాలం ఇంటికొచ్చినప్పుడు, కాటన్ చొక్కా మీద, మా వరండాలో కొలత తీసుకున్నాం. మోచేయి మడిచి, బట్ చివర మోచేతి మడతలో పెడితే వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందింది. అద్భుతం అనుకున్నాడు. నేను వద్దన్నాను. జనవరిలో జర్మనీ అడవిలో వాడు నిలబడేది ఈ చొక్కాతో కాదు కదా. లోపల థర్మల్, దాని మీద స్వెటర్, ఆపైన మందపాటి కోటు, అన్నిటి మీదా నారింజ జాకెట్. భుజం మీద అంగుళం మందం చేరుతుంది. అప్పుడు అదే కర్ర పొడవైపోతుంది. పైకి తెచ్చేటప్పుడు బట్ చివరనున్న రబ్బరు చంక దగ్గర కోటుకు పట్టుకుని ఆగిపోతుంది. ముప్పావు సెకనంతా అక్కడే అయిపోతుంది. కాబట్టి కొలత తీసేది చలికాలం బట్టల్లో తీయాలి, అవసరమైతే బట్ ప్యాడ్ పలచనిది వేయించాలి, రబ్బరు పై అంచును గుండ్రంగా గీయించి నున్నగా చేయించాలి. ఈ నున్నదనం సంగతి వింటే చిన్నదిగా ఉంటుంది. ఎప్పుడైనా కోటులో ఇరుక్కున్న తుపాకీతో కుస్తీ పట్టినవాణ్ని అడగండి.

బరువు గురించి కూడా ఒక మాట. తేలిక రైఫిల్ మోయడానికి సుఖం. కొండలెక్కేవాడికి సరే. హాకాలో నడక తక్కువ, నిలబడడం ఎక్కువ. కదిలే జంతువు వెంట తుపాకీ నున్నగా, ఆగకుండా సాగాలంటే కాస్త బరువుండాలి. ఆ బరువు రెండు చేతుల మధ్య ఉండాలి, గొట్టం కొసన కాదు. మెదడు 'ఇక కాల్చు' అని చెప్పిన తర్వాత వేలు కదలడానికి దాదాపు సెకనులో అయిదో వంతు పడుతుంది. అంతలో పంది ఒకటిన్నర మీటరు ముందుకు పోతుంది. తూటా ప్రయాణించే సమయం దీని ముందు ఏపాటిది? 30 మీటర్ల దూరానికి సెకనుకు 800 మీటర్లు పోయే తూటా చేరేలోపు పంది కదిలేది ఒక జానెడు పైచిలుకే. కాబట్టి ఎంత వేగంగా పోయే తూటా అన్నది పెద్ద లెక్కే కాదు. నొక్కే క్షణంలో తుపాకీ ఆగిపోయిందా, సాగుతూనే ఉందా అన్నదే లెక్క. ఎక్కువమంది వెనక కాళ్ల వెనక నేలను కాల్చేది అందుకే, నొక్కేటప్పుడు చెయ్యి ఆపేస్తారు. చెయ్యి ఆగకుండా ఉండడానికి ఒంటికి కుదిరిన కర్ర, మితమైన బరువు చేసే సాయం ఏ స్కోపూ చేయదు.

ఇక స్కోపు. 3 నుంచి 9 రెట్ల మామూలు స్కోపును అన్నిటికన్నా తక్కువ, అంటే 3 మీద పెట్టినా 100 మీటర్ల దగ్గర కనిపించేది సుమారు 11, 12 మీటర్ల వెడల్పు. 30 మీటర్లకు వస్తే మూడున్నర మీటర్లు. అందులో ఒకటిన్నర మీటరు పందే ఉంటుంది. పంది ముందు ఏముంది, వెనక కుక్క వస్తోందా, హాకా మనిషి నారింజ టోపీ కనిపిస్తోందా, ఏదీ తెలియదు. అదే 1 నుంచి మొదలయ్యే స్కోపు అయితే మంచివాటిలో 100 మీటర్లకు 35 నుంచి 40 మీటర్లు కనిపిస్తుంది. రెండు కళ్లూ తెరిచి, మధ్యలో చిన్న ఎర్ర చుక్కతో, మామూలుగా చూస్తున్నట్టే ఉంటుంది. స్వీడన్‌వాళ్లు 1970లలోనే ఎయిమ్‌పాయింట్ పేరుతో ఉత్త ఎర్ర చుక్క గురి తెచ్చారు, అసలు పెంచి చూపించడమే లేదు. ఇప్పుడు యూరప్ హాకాల్లో ఈ రెండు రకాలే ఎక్కువ.

బామ్మర్ది వాదన ఏమిటంటే, "12 రెట్లు పెంచితే అది మగదా ఆడదా స్పష్టంగా తెలుస్తుంది కదా బావా." నిజమే, అది నిలబడి ఉంటే. పరుగెత్తేదాన్ని 12 రెట్లు పెంచితే కనిపించేది వెంట్రుకలు. ఆ వెంట్రుకలు పందివా, కుక్కవా? దట్టమైన చోట తేల్చుకోవడానికి కావాల్సింది చుట్టూ ఏముందో చూపించే వెడల్పు. ఎర్ర చుక్కా, 1 నుంచి 4 రెట్ల స్కోపా అని అడిగితే నేను రెండోదే అంటాను. అక్కడి హాకాల్లో అప్పుడప్పుడు 80 మీటర్ల అవతల జంతువు ఆగి నిలబడుతుంది, అప్పుడు కొంచెం పెంచుకోవచ్చు. చుక్క వెలుతురు మాత్రం తగ్గించి పెట్టుకోవాలి. మబ్బు పట్టిన పొద్దున మెరిసే చుక్క పంది భుజం మొత్తాన్ని మింగేస్తుంది.

ట్రిగ్గర్ దగ్గర మా ఇద్దరికీ గట్టిగానే పడింది. వాడికి 400 గ్రాముల బలంతో నొక్కితేనే పేలే ట్రిగ్గర్ కావాలట, రేంజిలో గ్రూపులు, అంటే కాగితం మీద తూటాలు పడ్డ గుంపులు, చిన్నవి వస్తాయట. వస్తాయి. చలికి మొద్దుబారిన వేలు, దాని మీద గ్లవ్, ఎదురుగా పంది, గుండె దడదడ. ఈ స్థితిలో తేలిక ట్రిగ్గర్ అంటే మనిషి నిర్ణయం తీసుకోకముందే తుపాకీ నిర్ణయం తీసుకోవడమే. ట్రిగ్గర్ సాగకుండా, గరగరలాడకుండా, ఒకే చోట తెగాలి. నొక్కడానికి పట్టే బలం ఒక కిలో నుంచి కిలోన్నర మధ్య ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ విషయంలో జర్మన్లు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. బ్లేజర్ ఆర్8 అనే రైఫిల్ 2008లో వచ్చింది. దాని బోల్టు తిప్పే పని లేదు, వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. అది అందరూ పొగిడేదే. నేను పొగిడేది దాని వెనక బొటనవేలికి అందే మీటను. తూటా గొట్టంలో ఉన్నా, లోపలి స్ప్రింగు వదులుగా ఉంటుంది. జంతువు వచ్చాక బొటనవేలితో ఆ మీటను ముందుకు తోస్తేనే తుపాకీ ఎక్కుపెట్టినట్టు. వద్దనుకుంటే మళ్లీ దించేయొచ్చు. మామూలు సేఫ్టీలో బిగించిన స్ప్రింగును ఒక ఇనప ముక్క ఆపి ఉంచుతుంది. ఇందులో ఆపడానికి బిగువే లేదు. నిచ్చెన ఎక్కుతూ జారినా, కొమ్మకు తగిలినా గుండె ఆగిపోదు. గంటల తరబడి నిలబడి, కాల్చకుండానే ఇంటికి తిరిగొచ్చే రోజులే హాకాలో ఎక్కువ. తుపాకీని ఆ రోజుల కోసం కూడా తయారుచేయాలి కదా.

పొదల్లోంచి దూసుకుపోయే తూటా అని ఒక నమ్మకం ఉంది. బరువైన, నెమ్మదైన తూటా అయితే చిన్న చిన్న కొమ్మలను తెంచుకుని నేరుగా పోతుందని. వేటగాళ్లు కూర్చున్న చోటల్లా ఈ మాట వినిపిస్తుంది. కొమ్మ తగిలితే ఏ తూటా అయినా దారి తప్పుతుంది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ, అంతే. బెర్లిన్ తుపాకీ పనివాడు ఓటో బాక్ 1905లో తయారుచేసిన 9.3x62 తూటా ఇప్పటికీ యూరప్ హాకాల్లో ఇష్టంగా వాడతారు, దగ్గర దూరంలో పందిని బాగా ఆపుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. అంతమాత్రాన పొద వెనక ఉన్నదాన్ని కాల్చే హక్కు ఇస్తుందనుకోవడం పొరపాటు. జర్మనీ వేట చట్టం పందికి కనీసం 6.5 మిల్లీమీటర్ల తూటా, 100 మీటర్ల దగ్గర 2000 జౌళ్ల శక్తి ఉండాలంటుంది. మామూలు .308 తూటా కూడా దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. అంతకు మించి దెబ్బ పెంచుకుంటే భుజం మాత్రమే నొస్తుంది, భుజం నొస్తుందని తెలిసినవాడు కాల్చే ముందు కళ్లు మూస్తాడు.

మజిల్ బ్రేక్ అందుకే కదా అంటారు. దెబ్బ తగ్గుతుంది నిజమే, ఆ పేలుడంతా పక్కలకు మళ్లి పక్కన ఉన్న మనిషి చెవుల్లో, కుక్కల చెవుల్లో పడుతుంది. హాకా అంటే నలుగురితో చేసే పని. జర్మనీలో 2020 నుంచి వేటగాళ్లకు సైలెన్సర్ సులువుగా దొరుకుతోంది. అది చెవులను కాపాడుతుంది గానీ గొట్టం కొసన మరో జానెడు పొడవు, బరువు చేరుస్తుంది. అందుకని అక్కడ గొట్టమే 50 సెంటీమీటర్లకో, ఇంకా తక్కువకో చేయించుకుని దాని మీద సైలెన్సర్ పెడుతున్నారు. అక్కడి చట్టం ఒప్పుకుంటుంది, వాళ్లకు సరే.

ఇది చదివి ఎవరైనా మన దగ్గర ఇంట్లో ఉన్న రైఫిల్ గొట్టం కోయిద్దామనుకుంటారేమో, ఆగండి. ఆయుధాల చట్టం 1959లో ఆరో సెక్షన్ ఉంది. దానికంటూ లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం నేరం. సైలెన్సర్ మన దగ్గర నిషిద్ధ వస్తువు. మరమ్మతు కూడా ఆ పనికి లైసెన్సున్నవాడే చేయాలి. ఊళ్లో లేత్ మిషన్ ఉన్న ప్రతివాడూ చేయొచ్చని కాదు. నేను తోలు తొడుగుతో సరిపెట్టుకోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు.

సాధన గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. పరుగెత్తే పంది బొమ్మను కాల్చడం ఒకప్పుడు ఒలింపిక్ ఆటే, 1972 మ్యూనిక్ నుంచి 1988 దాకా 50 మీటర్ల దూరంలో ఉండేది, తర్వాత 10 మీటర్లకు తగ్గించి, 2004 తర్వాత తీసేశారు. జర్మనీలో తెర మీద పందుల వీడియో వేసి దాని మీద నిజం తూటాలే కాల్చే హాళ్లున్నాయి. చాలా హాకాలకు ముందు ఈ మధ్య సాధన చేసినట్టు కాగితం చూపించాలి. బామ్మర్దికి నేను చెప్పింది ఒకటే, కొత్త స్కోపుకు పెట్టే డబ్బులో సగం ఆ హాలుకు పెట్టు, అది కూడా కోటు వేసుకుని కాల్చు.

మన పాలమూరు సంగతికొస్తాను. ఈ రాత చదివేవాళ్లలో సగం మందికి మనసులో ఉన్నది ఇదే అని నాకు తెలుసు. అచ్చంపేట, అమ్రాబాద్, కొల్లాపూర్, పక్క నల్గొండలోని దేవరకొండ, ఎటుపోయినా యాసంగిలో పల్లి చేను వేసినవాడి గోస పందులే. కాయ ఊరే సమయానికి రాత్రికి రాత్రే సాళ్లు సాళ్లు ముట్టెతో దున్నేసి పోతాయి. పొద్దున పోయి చూస్తే గుంతలు, తిరగబడ్డ తీగలు, నమిలి వదిలేసిన పొట్టు. కోపం రాదా? వస్తుంది. ఆ కోపంలోనే కరెంటు తీగలు పెడుతున్నారు, పందులతో పాటు పక్క చేను మనిషి కూడా పోతున్నాడు. ఊళ్లో కూర్చున్నప్పుడల్లా ఒక మాట వస్తుంది. "తుపాకి ఉంది కదనే, అందరం గలిసి ఒక్కసారి హాకా కొడితే పీడ వోతది."

కాదంటాను. చట్టం ఒక్కటే కారణం కాదు, అయినా చట్టం సంగతే ముందు చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, 2023 ఏప్రిల్ 1 నుంచి అడవిపంది ఆ చట్టం కాపాడే జంతువుల రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు నష్టం చేస్తున్న పందిని చంపాలంటే పదకొండో సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతివ్వాలి. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి తుపాకీతో అడుగుపెట్టే మాటే లేదు.

అనుమతి దొరికిందనే అనుకుందాం. మన చెలకల్లో హాకా కొడితే ఏమవుతుంది? ఒకటి, మంద అంతా పక్క రైతు చేలోకి పోతుంది. రెండోది నాకు నిజంగా భయం పుట్టించేది. జర్మనీలో నిలబడేవాణ్ని ఎత్తు మీద నిలబెడతారు, తూటా పైనుంచి కిందికి పోయి మెత్తటి మట్టిలో దిగాలని. మన నేల చూడండి. ఎటు చూసినా నల్లరాతి గుండ్లు. రాయికి తగిలిన తూటా ఎటు పోతుందో చెప్పేవాడు లేడు. తగలని తూటా మూడు కిలోమీటర్ల పైచిలుకు పోగలదు. రాత్రిపూట బోరు మోటరు వేయడానికి పోయిన మనిషి ప్రతి చేలోనూ ఉంటాడు, చాలాసార్లు టార్చి కూడా ఆర్పేసి. ఇక తునికాకు కాలంలో, ఇప్పపువ్వు కాలంలో అయితే తెల్లారకముందే ఆడవాళ్లు, పిల్లలు అడవి అంచున ఉంటారు. మన చేలల్లో మనుషులను బయటికి పంపి ఖాళీ చేయడం ఎవరి తరం?

మన్ననూరు దగ్గర ఒక చెంచు పెద్దాయనతో ఈ మాట వచ్చింది. వాళ్ల నాయన హాకాలకు పోయేవాడట. "తుపాకి ఎటు పేలుతదో హాకా కొట్టేటోనికి ఎవ్వరు చెప్తుండె సారూ? చెట్టు చాటుకు ఉండుడే మా బందోబస్తు" అన్నాడు. దొరల వేట కథల్లో ఈ వైపు నుంచి చూసింది నేను ఎక్కడా చదవలేదు.

పందిని తగ్గించక తప్పని చోట మంచె మేలు. అటవీ సిబ్బంది పక్కనుండగా, ముందే పగటిపూట వచ్చి ఎటు కాల్చవచ్చో, ఎటు కాల్చకూడదో గూటాలు పాతుకుని, పంది ఆగి మేసేటప్పుడు పైనుంచి కిందికి ఒక్క తూటా. అక్కడికి బామ్మర్ది పెద్ద స్కోపు కూడా పనికొస్తుంది, ఆ మాట వాడికి చెప్పలేదు, చెబితే విర్రవీగుతాడు. చంపిన పందిని పంచనామా చేసి పాతిపెట్టాల్సిందే, కూర వండుకోవడానికి కాదు. ఈ ఒక్క షరతు చెప్పగానే హాకా కొడదామన్నవాళ్లలో చాలామంది ఉత్సాహం చల్లారడం కళ్లారా చూశాను.

మా ఊళ్లో అనుమతి కోసం దరఖాస్తు పెట్టారు. కాగితం వచ్చి, అటవీ శాఖ పంపిన షూటర్ వస్తే మంచె ఎక్కడ కట్టాలో చూపిస్తానన్నాను. హాకాకు మాత్రం నా రైఫిల్ బయటికి రాదని తెగేసి చెప్పాను, ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకున్నారు. ఈలోపు ఈ యాసంగికి మా పల్లి చేను గెట్ల చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తున్నాం. ముళ్లకు పందులు కొంత జంకుతాయి, గింజలు గానుగకు అమ్ముకోవచ్చు.